అన్నయా, మగడా? – వియత్నాము గ్రంథముల తెలుగుసేత

పరుల దోషముల నెన్నుటకు ముందు తన దోషము నొప్పుకొనుట న్యాయము. కావున నా తప్పుతోనే యీ వ్యాసము నారంభించుచున్నాను.

కొన్ని యేండ్లక్రిందట నేనొక వియత్నాము కథను ఆంగ్లమునుండి తెనిగించి యొక పత్రికలో ప్రకటించితిని. యుద్ధమునకు బోవుచున్న యువకుని నొక యువతి పడవరేవువఱకు సాగనంపును. 'అన్నా, వేగమే తిరిగి రమ్ము, నీ చెల్లె లెదురుచూచుచుండును' అని చెప్పును. అతడు తిరిగి రాడు. ఆమె యేటేట నారేవునకు వచ్చి కూర్చుండును. కథ యంతయు నింతే. ఆంగ్లమున నిట్లే యుండెను. నేనును అట్లే వ్రాసితిని. అంతతో నూరకుండక, ఆ దేశమున తోబుట్టువుల ప్రేమ మనదానికంటె గాఢమైనదని యొక పీఠికనుగూడ తగిలించితిని. మిత్రులు మెచ్చుకొనిరి. ఒకనాడు మా బడిలో తొమ్మిదవ తరగతి పిల్లలకు ఆ కథను చదివి వినిపింపగా, వెనుకబల్లనుండి యొక బాలిక లేచి, 'మాష్టారూ, అన్న కోసం చెల్లెలు పెళ్ళి కూడా చేసుకోకుండా జన్మంతా రేవులో కూర్చుంటుందా?' అని యడిగినది. నేను గద్దించి కూర్చుండబెట్టితిని.

తరువాత రెండేండ్లకు ఆ భాషయందు కుతూహలము పుట్టి, ఒక బాలశిక్షను తెప్పించుకొని, రాత్రులయందు చదువ మొదలిడితిని. మూడవ పాఠమునకే నా తల దిరిగినది. ఆ భాషలో అన్నను 'అఞ్' అందురు; తమ్ముడైనను చెల్లెలైనను 'ఎమ్' అందురు. కాని భార్య భర్తను బిలుచునదియు 'అఞ్' అనియే. తన్నుగూర్చి తాను చెప్పుకొనునప్పుడు 'నేను' అనుటకు మాఱుగా ననునదియు 'ఎమ్' అనియే. ప్రియుడును ప్రియురాలును నట్లే. నా కథలోని యువతి చెల్లెలు కాదు, ఆలు. రేవున గూర్చుండినది విధవ. వెనుకబల్ల బాలికకు దెలిసినది, రెండు భాషలు చదివిన నాకు దెలియలేదు. ఒక స్త్రీయొక్క మాంగల్యమును నా కలముతో నేను తుడిచివేసితిని. ఆమె దుఃఖమునకు వేఱొక పేరు పెట్టితిని.

ఇది నా యొక్కని మూర్ఖత్వమైనచో పత్రికకెక్కింప దగినది కాదు. కాని యిది మన యనువాదవ్యవసాయమునకే పట్టిన తెగులు. ఆసియాఖండములోని భాషలలో పెక్కింటిని మన మాంగ్లమను నొక్క కిటికీనుండియే చూచుచున్నాము. ఆ కిటికీ చిన్నదని నేననను, మంచి కిటికీయే. కాని దాని యద్దమున కొన్ని రంగులు దిగవు. వియత్నాము భాషలో నేవి ముఖ్యములో, అనువాదకుడు వేనిని దప్పినచో కథ చచ్చునో, అవియే యా యద్దమున దిగనివి. అంతకంటె విచారకరమైనది మఱియొకటి కలదు. ఆంగ్లమునకు లేని యా సామగ్రిలో చాలభాగము మన తెలుగునకు గలదు. మన యింటిలో నున్న పాత్రను మఱచి, పొరుగింటి చిల్లికుండతో నీళ్లు మోయుచున్నాము. ఈ మాటను నిరూపించుటయే నా పని.

మొదట సంబోధనల సంగతి. వియత్నాము భాషలో 'నీవు', 'నేను' అను పదములు నిత్యవ్యవహారమున నరుదు. వాని స్థానమున బంధుత్వనామములు నిలుచును. ఎదుటివాడు తండ్రికంటె పెద్దవాడా, చిన్నవాడా, తాతయీడువాడా యని చూచుకొనియే నోరు విప్పవలెను. తండ్రి యన్న 'బాక్'. తండ్రి తమ్ముడు 'చూ'. తల్లి సోదరుడు 'కౌ'. వీధిలో గనబడిన యపరిచితునిగూడ నీ పేరులతోనే పిలుతురు. ఈ మూటికిని ఆంగ్లమున గలదొక్క 'అంకుల్'. మనకో, పెదనాన్న కలడు, చిన్నాన్న కలడు, మేనమామ కలడు. హో చి మిన్‌ను ఆ ప్రజలు 'బాక్ హో' యని పిలిచిరి, అనగా హో పెదనాన్న. తండ్రికి నన్నయైనవాడు, తండ్రియు నెవనియెదుట లేచి నిలువబడునో యట్టివాడు. ఆంగ్లేయు లతనిని 'అంకుల్ హో' యని చేసిరి. వారికి వేఱుదారి లేదు. దారియుండియు మనమును 'అంకుల్ హో' యని వ్రాసికొంటిమి. ఇంకొకడు దానిని 'మామ' యని తెనిగించినచో, పిల్లనిచ్చినవాడో, తల్లి తోడబుట్టినవాడో యగును. పెద్దఱికమునకు బదులు వరుస వచ్చి కూర్చుండును.

అట్లని పదమునకు పదము పెట్టిన సరిపోవునా? సరిపోదనుటకు నా 'అన్న'యే సాక్షి. తెలుగున భార్య భర్తను అన్నా యని పిలిచినచో నోరు కడుగుకొనవలసి వచ్చును. కాని మనకు వేఱొక యుపాయము కలదు. మన యిండ్లలో తరతరములుగా భార్య భర్తను 'మీరు' అనినది, భర్త భార్యను 'నువ్వు' అనినాడు. 'అఞ్', 'ఎమ్' అను జంటలోని పెద్దఱికమును చనవును ఈ 'మీరు', 'నువ్వు' అను జంటలో నించుమించుగా నిలుపవచ్చును. ఆంగ్లమున నిరువురును 'యూ'యే. ఆ యసమానతను సంస్కారప్రియుడనగు నేను మెచ్చను. కాని యనువాదకునిగా దానిని దాచను. పరుల యింటిలోని హెచ్చుతగ్గులను మన మర్యాదకొఱకు చెఱిపివేయుట సంస్కారము కాదు, అసత్యము. పైగా నా హెచ్చుతగ్గులను చెఱిపినచో తిరుగుబాటుగూడ చెఱిగిపోవును. వియత్నాము కథలలో దంపతులు కలహించునప్పుడు భార్య హఠాత్తుగా 'ఎమ్' అనుట మాని 'తోయ్' అనును. 'తోయ్' అనగా నేడు సామాన్యమగు 'నేను'. కాని యింటిలోపల భర్తయెదుట నామాట వచ్చినదన్నచో తలుపు మూసినట్లే. ఆంగ్లమున రెండును 'ఐ'. చదువరికి తలుపు చప్పుడు వినబడదు.

ఈ 'తోయ్' చరిత్రయు మనకు క్రొత్త కాదు. పూర్వమా మాటకు బంటు, రాజునకు లోబడినవాడు అని యర్థము. మన 'దాసుడు' పత్రముల చివరనుండి కదలలేదు. వారి బంటు రాజసభ వెడలి వీధికి వచ్చి, యెల్లవారికిని 'నేను' అయ్యెను. ఒక జాతి తన్ను దాను చెప్పుకొను మాటలో నింత కథ యున్నప్పుడు దానిని చూడకయే దాటిపోవుట కన్నులున్నవాని పనియా?

ఉత్తమ నిదర్శనమొకటి చెప్పెదను. నామ్ కావ్ అను రచయిత 1941లో 'చీ ఫేవ్' అను కథను ప్రకటించెను. ఆ దేశపు బడిపిల్లలందఱును చదువు కథ. భూస్వామి కక్షవలన చెఱసాలకు బోయి, త్రాగుబోతై, రౌడీయై తిరిగివచ్చిన యొక పేదవాని పతనము దానిలోని వస్తువు. కథకుడు వానిని 'హన్' అను సర్వనామముతో జెప్పును. అది గౌరవము లేని మాట, మన 'వాడు'. ఆంగ్లమున నది 'హీ' యగును. ఆ 'హీ'ని జూచి మర్యాదస్థుడగు మన యనువాదకుడు 'అతడు' అని వ్రాయును. ఇంక మర్యాద హెచ్చినచో 'ఆయన' యనును. దానితో నూరివారందఱు వానిని జూచిన చూపే మాఱిపోవును. ఇంకను వినుడు. ఆ కథలో చీ ఫేవ్ చెఱనుండి వచ్చిన తరువాత నొకమాఱు భూస్వామియెదుట నిలిచినప్పుడు ఆతని 'కు' యని, అనగా వృద్ధుడగు పెద్దదొర యని సంబోధించును. తన్ను 'కోన్' అనుకొనును, అనగా బిడ్డ. మన పల్లెలలో 'బాబుగారూ, తమ బిడ్డను' అనుట యిదియే. కట్టకడపట, తానును మనుష్యునివలె బ్రతుకగోరి, ఆ దారి మూసుకొనిపోయెనని తెలిసికొని మరల ఆ గుమ్మమున నిలిచినప్పుడు వాని నోట 'కోన్' రాదు, 'తావ్' వచ్చును. 'తావ్' అనగా సమానునితోనో, లోకువవానితోనో, శత్రువుతోనో ననదగిన 'నేను'. బిడ్డ పోయి మగవాడు నిలిచినాడు. తరువాత దొరను పొడిచి తానును చచ్చును. కత్తికంటె ముందు తెగినది సర్వనామము. ఆంగ్లమున మొదటను 'ఐ', చివరను 'ఐ'. తెలుగున 'నేను' ఒక్కటియే యైనను, ప్రక్కనున్న 'బాబుగారూ' పోయి 'ఒరే' వచ్చునట్లు చేయవచ్చును. చేయవలెనన్న నచట నేమి జరిగెనో తెలిసియుండవలెను గదా!

ఇక 'మనము', 'మేము' అను భేదము. ఈ భేదము ద్రావిడభాషల సొమ్మని మనము గర్వింతుము. వియత్నాములోను నది కలదు. ఎదుటివానిని గలుపుకొనినచో 'చుఙ్ తా'. విడిచినచో 'చుఙ్ తోయ్'. ఒక నాయకుడు జనులయెదుట 'చుఙ్ తా' యన్నచో 'మనము' అని చేయి చాచినట్లు. శత్రువుల రాయబారితో 'చుఙ్ తోయ్' అన్నచో 'మేము' అని గీత గీసినట్లు. ఆంగ్లమునకు గలదొక్క 'వుయ్'. ఆ భేద మచట మునిగిపోవును. ఇచట మన యనువాదకుడు నాణెము నెగురవేసి 'మనము' అనియో 'మేము' అనియో వ్రాయును. వియత్నాము స్పష్టముగా జెప్పినది. తెలుగు స్పష్టముగా జెప్పగలది. నడుమ మధ్యవర్తి మ్రింగినాడు. ఇంతకంటె హాస్యాస్పదమగు బేరము సంతలోగూడ జరుగదు.

అవును, కాదు అను సమాధానములును నిట్టివే. 'నీవు పోవుట లేదా?' యని యడిగినచో, పోనివాడు తెలుగున 'అవును, పోవుట లేదు' అనును. వియత్నామువాడును నట్లే, యడిగినవాని మాట నిజమని యొప్పుకొనుటకు 'వఙ్' అనును, అనగా అవును. ఆంగ్లేయుడు 'నో' యనును. దానిని మనవాడు 'కాదు' అని తెనిగించును. వంకరలేని మాట రెండు వంకరలు దిరిగి యింటికి వచ్చినది. దక్షిణ వియత్నాములో పెద్దలు పిలిచినప్పుడు పలుకు 'యా' యను మాటయు నట్టిదే. అది యొప్పుకోలు కానక్కఱలేదు; వింటినను వినయము మాత్రమే. మన 'చిత్తము' సరిగా నదియే. మన బంటు 'చిత్తము' అన్నంతమాత్రమున పని చేయునని నమ్మిన దొర యెవడు? ఆంగ్లమున నది 'యస్' అగును. పాత్ర మాట దప్పినవాడగును. వాక్యాంతమున గౌరవమునకై వారు చేర్చు 'ఆ' యను చిన్న యక్షరమునకు ఆంగ్లమున దిక్కు లేదు. మనకు 'అండి' కలదు. 'వచ్చితిని' అనుటకును 'వచ్చానండి' అనుటకును గల దూరము మనకెఱుకయే. వారి యితర నిపాతములకు మన 'కదా', 'సుమా', 'లే', 'గా' లు సిద్ధముగా నున్నవి. ఆంగ్లమునుండి వచ్చినవాని కివి కనబడవు. కావున మన యనువాదములలో వియత్నాము మనుష్యులు తంతివార్తలవలె మాటలాడుదురు.

ఇంతవఱకు నాంగ్లోపాసకుల సంగతి. ఇక నా సతీర్థ్యులగు సంస్కృతపండితులతో గొంచెము జగడమాడవలసియున్నది. వియత్నామనగానే వీరికి చంపారాజ్యము జ్ఞప్తికి వచ్చును. న్యా చాఙ్ సమీపమున దొరకిన వో కాఞ్ శిలాశాసనము సంస్కృతమున నున్నది. ఆగ్నేయాసియాలోని మిక్కిలి ప్రాచీనములగు సంస్కృత శాసనములలో నదియొకటి. ఇది నిజము, గర్వింపదగినదే. కాని చంపావాసులు చాములు. వారి భాష మలయభాషకు జ్ఞాతి. వియత్నాము భాష దానికి జ్ఞాతి కాదు. వియత్నాములోని పండితపదజాలము చీనానుండి వచ్చినది, సంస్కృతమునుండి కాదు. కావున వియత్నాము కథలోని పల్లెపడుచుచేత 'ప్రాణేశ్వరా' యనిపించి, బౌద్ధదేశము గదా యని సమాధానపడుట యుచితము కాదు.

వియత్నామునకు మనదేశమున నిజమైన చుట్టము కావలెనన్నచో గుడులలో వెదుక బనిలేదు. శ్రీకాకుళము, పార్వతీపురము కొండలెక్కవలెను. అచటి సవరల భాషయు, వియత్నామును దూరపు దాయాదులని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. రెండును ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబములోనివి. కన్నునకు వియత్నామున 'మత్' అందురు. అదే కుటుంబములోని సంతాలీలో 'మేత్' అందురు. మన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరభాషను సవరలవద్దనే కూర్చుండి నేర్చుకొని, 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించిరి. ఏ ఆంగ్లగ్రంథమును జూచి వారది నేర్చిరి? ఆ భాష నెఱిగినవారి నోటనే నేర్చిరి. అనువాదకులకు గురువు కావలసినచో ఆయన చాలును.

చీనాపదములకును దేశ్యపదములకును గల భేదము మనకు మిక్కిలి యుపయోగించును. మన తత్సమదేశ్యముల వలెనే యచటను రెండు పొరలు కలవు. 'చేత్' అనగా చచ్చుట. 'మత్' అనగా పోవుట (కన్ను అను 'మత్'లోని యచ్చు వేఱు, ఈ 'మత్'లోని యచ్చు వేఱు). 'హీ సిఞ్' అను చీనాపదమునకు బలియగుట యని యర్థము, యుద్ధమున మడిసినవానికి దానిని వాడుదురు. ఆంగ్లమున నన్నియు 'డైడ్'. మనకు చచ్చెను, పోయెను, కాలము చేసెను, అమరుడాయెను అను మెట్లన్నియు గలవు. ఒక తల్లి తన కుమారుడు 'పోయెను' అని, ప్రభుత్వపు పత్రము 'అమరుడాయెను' అని చెప్పిన కథలో ఆ రెండు మాటల నడుమనున్న దూరమే కథ. దానిని 'మరణించెను' అని రెండుచోట్లను వ్రాసినవాడు కథను వ్రాయలేదు. అట్లే దేశమనుటకు వారి దేశ్యపదము 'దత్ నుఅక్'. 'దత్' అనగా మన్ను, 'నుఅక్' అనగా నీరు. 'నుఅక్' ఒక్కటియే దేశమనియు నర్థమిచ్చును. వరిపొలముల జాతి దేశమును మన్నునీరని పిలుచుకొన్నది. గోదావరిలంకలవారికి దీని నెవరు వ్యాఖ్యానింపవలెను? ప్రతిచోటను 'మాతృభూమి' యని సంస్కృతముతో గప్పిపెట్టిన నా నీరింకిపోవును.

సాదృశ్యమే వల యగు చోట్లును గలవు. వానిని దాచుట న్యాయము కాదు. రెట్టింపు పదమును జూచి మోసపోవలదు. మన 'ఎఱ్ఱెఱ్ఱని' యనునది మిక్కిలి యెఱుపు. వారు 'దో' యను నెఱుపును రెట్టించి 'దో దో' యన్నచో కొంచెమెఱుపు, ఎఱ్ఱనివంటిది. 'సఞ్' అనునది యాకుపచ్చయు నగును, నీలమును నగును. దీనిని జూచి ఆంగ్లేయులు వింతపడుదురు. పసుపును ఆకురంగును ఒక్క 'పచ్చ'లో నిముడ్చుకొన్న మనకు వింత యేల? వారును మనవలెనే యాకును జేర్చి 'సఞ్ లా కయ్', చెట్టాకుపచ్చ, యని స్పష్టపఱతురు. 'ఓమ్' అనగా నుత్తరమున జబ్బుపడుట, దక్షిణమున చిక్కిపోవుట. రచయిత యేప్రాంతమువాడో తెలియక రోగమంటగట్టరాదు. క్రియకు కాలప్రత్యయము లేదు. కావలసినచో 'దా', 'దాఙ్', 'సే' యను మాటలను ముందుంతురు, లేకున్న లేదు. ఆంగ్లేయుడు ప్రతిక్రియకు కాలము గట్టక విడువలేడు. గతించినదో గతింపనిదో తెలియని స్మృతిని పట్టి భూతకాలమున పాతిపెట్టును. మనకు 'వచ్చును, కూర్చుండును' అను తద్ధర్మార్థకరూపము కలదు. ఏకాలమునకును బందీకాని క్రియ యది. దానిని వాడుకొనకపోవుట మన దౌర్భాగ్యము.

ఇక పేరుల దుర్గతి. వియత్నాము భాషను నేడు లాటిన్ అక్షరములతో వ్రాయుదురు. పోర్చుగీసు మతాచార్యులు మొదలిడిన యీ లిపిలో అలెగ్జాండర్ ద రోడ్ అను పాదిరి 1651లో రోమునగరమున నిఘంటువు నచ్చువేయించెను. ఆ యక్షరముల విలువ వేఱు, ఆంగ్లాక్షరముల విలువ వేఱు. అడ్డుగీతగల 'డి' మన దకారమును బోలును; గీతలేని 'డి' ఉత్తరమున దంత్యమగు ౙకారమువలె, దక్షిణమున యకారమువలె పలుకును. వార్తాపత్రికలు గీతను దీసివేయును. మనవారు మిగిలినదానిని జూచి, ఆ దేశపు మహాకవిని 'న్గుయెన్ డూ' యని వ్రాయుదురు. ఆయన 'ఙుయెన్ ౙూ'. మన వర్ణమాలలో ఙ, ఞ అను నక్షరములు పదాదిని రానివై, బాలశిక్షలో మాత్రము కూర్చుండియున్నవి. వియత్నామున వానికి చేతినిండ పని కలదు. వారి తకారము దంత్యము, మన 'త' వంటిది. థకారము మహాప్రాణము, మన 'థ' వంటిది. ఈ రెంటి భేదమును దెలుపు నక్షరము లాంగ్లమున లేవు, మనకు గలవు. అట్టి వర్ణమాల గలిగియుండి ఆంగ్లేయుని తప్పును మన లిపిలో శుద్ధప్రతి యెత్తుచున్నాము.

వారికిని మనవలె నింటిపేరు ముందు, సొంతపేరు చివర. కాని మనము కందుకూరి, గురజాడ యని యింటిపేరుతో బిలిచినట్లు వారు పిలువరు. ఎంతవానినైనను చివరిపేరుతోనే పిలుతురు. సేనాపతి వో ఙుయెన్ ౙాప్ వారికి 'సేనాపతి ౙాప్'. హో చి మిన్‌ను 'హో' యనుట యపవాదము. అది యాయన తానై ధరించిన పేరు. 'ఙుయెన్‌గారు చెప్పిరి' అని వ్రాసినచో ఆ దేశమున మిక్కిలి వ్యాప్తమగు ఇంటిపేరుగల లక్షలమందిలో నెవరు చెప్పిరో దేవునికే యెఱుక. వో ఙుయెన్ ౙాప్ నడిమిపేరును ఇంటిపేరగు 'ఙుయెన్' నొక్కటియే యని భ్రమపడువారు కలరు. రెంటికిని స్వరము వేఱు, మాటయే వేఱు.

స్వరమన్నచో నిది సంగీతపు సొంపు కాదు, అర్థమునకు బ్రాణము. ఉత్తరవ్యవహారమున నాఱు స్వరములు, దక్షిణమున నందు రెండు కలిసి యైదు. 'మ' యను నొక్క యక్షరమే స్వరభేదముచేత దయ్యము, 'కాని' యను నవ్యయము, తల్లి, సమాధి, గుఱ్ఱము, వరినారు అగును. గుర్తులు దీసివేసి యచ్చువేసిన పుస్తకమున సమాధియు నారుమడియు నొక్కటే. వృత్రునికొఱకు జరిగిన యాగమున 'ఇంద్రశత్రు' శబ్దము స్వరము దప్పి యజమానునే చంపినదని శిక్షాశాస్త్రమున జదివిన మనకు స్వరమహిమను వేఱుగ జెప్పవలెనా? వారి ఛందస్సుకూడ స్వరముపైననే నిలిచియున్నది. 1820లో గతించిన ఙుయెన్ ౙూ రచించిన కియెవు కథాకావ్యము 3,254 పాదములు; ఆఱక్షరముల పాదమొకటి, ఎనిమిదక్షరముల పాదమొకటి జంటలుగా నడచును. నియతస్థానముల సమస్వరము, విషమస్వరము రావలెను. ఆఱవ యక్షరము తరువాతి పాదపు టాఱవయక్షరముతోను, ఎనిమిదవది యాపైపాదపు టాఱవదానితోను ప్రాస గలసి గొలుసువలె సాగును. గురులఘువులును యతిప్రాసలును ఎఱిగినవానికి ఇది చేతికందు విద్య. ఆంగ్లవచనమును జూచి దానిని తెనిగించువాడు దారములేని పూసలు గ్రుచ్చుచున్నాడు. మూలభాష యేదో విచారించుట గూడ మఱతుము. హో చి మిన్ 1942–43లలో చెఱలో వ్రాసిన పద్యములు వియత్నాములో లేవు, ప్రాచీన చీనాలో నున్నవి. వానిని 'వియత్నాము భాషనుండి' యనువదించితిననువాడు అట్టను దాటి చూడలేదని తెలిసికొనవలెను.

ఆక్షేపణల కుత్తరము చెప్పి ముగించెదను. 'టాల్‌స్టాయి మనకు ఆంగ్లమునుండియే వచ్చెను గదా' యందురు. వచ్చెను, కాని యంతతో మనవారు తృప్తిపడి కూర్చుండలేదు. ఉప్పల లక్ష్మణరావుగారు మాస్కోలో నుండి రష్యనునుండి నేరుగా తెనిగించిరి. చక్రపాణిగారు వంగభాష నేర్చుకొని శరత్తును తెచ్చిరి. శరత్తు మన యింటివాడైనది అందువలననే. 'వియత్నాము నేర్చినవా రెక్కడ?' అందురు. నేర్పినగదా యుండుట! పదికోట్ల జనుల భాష. మన వరి, మన రొయ్యలు, మన కాఫీ, వారి వరి, వారి రొయ్యలు, వారి కాఫీ యొక్క సంతలోనే యమ్ముడుపోవుచున్నవి. సంతకు పనికివచ్చిన పరిచయము సాహిత్యమునకు బనికిరాదా? 'ఇప్పుడు యంత్రములున్నవి, మీట నొక్కిన చాలును' అందురు. ఆ యంత్రములలో ఆంగ్లమును నడుమనుంచుకొని పనిచేయునవి కలవు. అవి నా తప్పునే నిమేషములో చేయును. తక్కినవానిలో పెక్కింటికిని వాక్యమే కనబడును గాని మాటలాడు నిరువురిలో నెవరు పెద్దయో కనబడదు. వాక్యములో లేనిది యంత్రమున కెట్లు తెలియును? కథ మొత్తము చదివి, వారి యీడును వరుసను ఊహించుకొన్నవానికే తెలియును.

నేను గోరునది గొప్పపని కాదు. వియత్నాము తెలిసినవాడు లభించువఱకు, ఆంగ్లమునుండి తెచ్చినదానిని ఆంగ్లమునుండి తెచ్చితిమని ముఖపత్రమున స్పష్టముగా నచ్చువేయవలెను. కలము పట్టుటకు ముందు కథలోని పాత్రల పట్టిక వ్రాసికొని, ఎవరెవరిని మూలములో నేమని పిలిచిరో, ఎక్కడ నా పిలుపు మాఱెనో, ఆ భాష యెఱిగినవానిని వెదకి యడుగవలెను. ఉత్తరము వ్రాసినచో నేడు దేశాంతరమునుండి యొక్క దినమున బదులు వచ్చును. పేరులను గుర్తులతో నున్న మూలమును జూచి మన లిపిలో బెట్టవలెను. మన విశ్వవిద్యాలయములలో నొక్కటియైనను నిద్దఱు ముగ్గురు యువకులను ఆ భాష నేర్చుకొన బంపవలెను. పదియేండ్లలో ముగ్గురు చాలుదురు. ఒక్క చక్రపాణి వంగమునకు చాలలేదా?

తప్పు దెలిసికొన్న వెంటనే, నా కథకు దిద్దుబాటును ప్రకటింపుడని యా పత్రికకు వ్రాసితిని. 'ఏండ్లు గడచినవి, పాఠకులెవ్వరును గుర్తింపలేదు గదా, యిప్పుడేల?' అని బదులు వచ్చినది. గుర్తించిన పాఠకురాలొకతె కలదు. ఆమె వెనుకబల్లమీద కూర్చుండెడిది, నేనామెను గద్దించితిని. ఇప్పుడామె యెక్కడ కాపురము చేయుచున్నదో నాకు దెలియదు. ఈ పుటలు ఆమె కంటబడినచో, అమ్మా, నీ ప్రశ్నకు నాడీయని సమాధానమును నేడిచ్చుచున్నాను. ఆతడు అన్న కాడు. ఆమె మగడు.